నెత్తురుకు తుప్పు

నమోదు 1

మొదటి షిఫ్టు కూత మోగకముందే పందులు లేచి అరుస్తున్నాయి. మూడు దొడ్లకూ మేత విడివిడిగా కలిపాను. మొదటి దొడ్డికి ఈస్టు పిండిలో పాత గడ్డనూనె. రెండో దొడ్డికి అదే పిండిలో కొత్త సన్ననూనె. మూడో దొడ్డికీ సన్ననూనే, కానీ అందులో ఉన్నవి మామూలు పందులు. మొదటి రెండింటిలో ఉన్నవి పసుపు వరస పందులు. పుట్టుకతోనే వాటి నెత్తురులో కొలెస్టరాల్ విపరీతంగా ఉంటుంది, ఈ ఊళ్ళో సగంమందికి ఉన్నట్టే.

పైన ఎండ భరించలేక మా ముత్తాతలు ఈ పాత బొగ్గు సొరంగాల్లోకి దిగినప్పుడు వచ్చినవి కొన్ని కుటుంబాలే. జబ్బు వాళ్ళతోనే దిగింది. వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకోవడంతో ఇంటింటికీ పాకింది. వేళ్ళ కణుపుల మీద, మోచేతుల మీద పసుప్పచ్చని గడ్డలు లేస్తాయి. ఆ తర్వాత గుండె. ముప్పై అయిదు దాటితే మెట్లెక్కడానికి భయపడే ఊరు మా లోపలూరు.

నూనె తొట్ల పెద్ద ఐలేశం సార్ ఇవాళ స్వయంగా దొడ్డికి వచ్చారు. ఆయన భార్య సత్తెమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె చేతిలో ఉండగానే కూలిపోయింది. అప్పటినుంచి ఆయన చీకట్లోనే పెరిగే నాచు పెంచి అందులోంచి ఈ సన్ననూనె తీయడం మీదే ఉన్నారు. చలిలో కూడా పేరుకోని నూనె. సీసా దీపానికి ఎదురుగా పట్టి చూపించారు.

"చూడు భూలచ్చిమీ, నీళ్ళ లెక్క ఎట్ల పారుతున్నదో. గడ్డనూనె నరాల్ల గడ్డ కడ్తది. ఇది కట్టది."

"పందులేమంటయో చూద్దాం సార్" అన్నాను.

ఈ ఊరికి పశువైద్యురాలిని నేను. ఈ మూడు దొడ్ల బాధ్యత నాది. పందుల గుండె మనిషి గుండెకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పందుల మాటకు ఇక్కడ విలువ ఉంది.

నమోదు 4

రెండో దొడ్డి పందుల కొలెస్టరాల్ సగానికి పడిపోయింది. పొరపాటేమో అని మళ్ళీ నెత్తురు తీసి చూశాను. సగమే.

ఈ మాట నేను ఎవరికీ చెప్పకముందే ఊరంతా పాకింది. సన్ననూనె తింటామని ముందుకొచ్చిన మనుషులు ఇప్పటికే తింటున్నారు. వాళ్ళలో మా ఆయన ఓదెలు ఒకడు. సొరంగాల పైకప్పుకు పెట్టిన దిమ్మెలు సరిగ్గా ఉన్నాయో లేదో నిచ్చెన ఎక్కి తట్టి చూడటం ఆయన పని. పోయిన ఏడాది నుంచి నిచ్చెన మధ్యలో ఆగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, దిమ్మెను పరీక్షిస్తున్నట్టు నటించేవాడు. నేను చూడనట్టు నటించేదాన్ని. ఇవాళ ఆయన నెత్తురు కూడా చూశారు. తగ్గింది. ఇంటికొచ్చి నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు.

సాయంత్రం షిఫ్టు దిగాక రాజలింగు దొడ్డి దగ్గరికి వచ్చాడు. నీళ్ళ మోటార్లు నడిపేవాడు. అతనూ నూనె తినేవాళ్ళలో ఉన్నాడు. ప్రతి పందికీ ఒక పేరు పెట్టాడు. అన్నీ ఊరి పెద్దల పేర్లే. అవి ఎవరి పేర్లో ఇక్కడ రాయను.

"డాక్టరమ్మా, ఒక్కటే నూనె, ఒక్కటే జబ్బు. మరి మేం తోకలు మొలిపిస్తమా, గవి మోటార్లు నడిపిస్తయా?"

"నువ్వు స్నానం చేస్తే ఆ పోలిక పోతది" అన్నాను.

పడీపడీ నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చేది ఇదివరకు. ఇవాళ రాలేదు.

నమోదు 7

సర్పంచ్ సుభద్రమ్మ పంచాయతీలో ప్రకటించింది. వచ్చే నాచు కోతనాటికి ఊరందరికీ సన్ననూనే. గడ్డనూనె తొట్లు కడిగి, వాటిలో కూడా నాచు పోస్తారు. ఒకసారి కడిగితే గడ్డనూనె ఇచ్చే ఈస్టు మళ్ళీ నిలబడటానికి చాలాకాలం పడుతుంది. ఈ మాట ఎవరూ పట్టించుకోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అక్కడినుంచి దొడ్డికి వెళ్తే రెండో దొడ్డిలో ఒక ఆడపంది లేవలేదు. మేత చప్పుడుకు అన్నిటికంటే ముందు వచ్చేది అదే. ముందుకాళ్ళ మీద లేచి వెనకకాళ్ళు ఈడ్చింది. జ్వరం లేదు. దెబ్బ లేదు. నెత్తురు తీస్తే పైన తేరిన నీరు కొంచెం ఎర్రగా ఉంది. ఎర్రకణాలు పగిలిపోతున్నాయన్నమాట.

నాకు ఒక అనుమానం వచ్చింది. మా గురువుగారు నేర్పిన పాత పరీక్ష ఒకటి ఉంది. నెత్తురు నీటిలో మందు కలిపి మరిగిస్తే, కొవ్వు పాడైన మేరకు గులాబీ రంగు తిరుగుతుంది. మరిగించాను.

మొదటి దొడ్డి నమూనా లేత గులాబీ. మూడో దొడ్డి కూడా దాదాపు అంతే. రెండో దొడ్డి గొట్టం దానిమ్మ గింజలా ఉంది.

నమోదు 8

రాత్రంతా ఆలోచించినది ఇక్కడ రాసిపెడుతున్నాను, రేపు ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పాలి.

గడ్డనూనెలోని కొవ్వు ఆమ్లాలు బిగువైన గొలుసులు. వాటి మీద గాలి పళ్ళు దిగవు. సన్ననూనెలోని గొలుసుల్లో చాలాచోట్ల జంట బంధాలుంటాయి. అందుకే అవి వంగుతాయి, పేరుకోవు, నరాల్లో తేలిగ్గా పారుతాయి. కానీ ఆ జంట బంధాల పక్కనే ఆక్సిజన్ కొరుకుతుంది. ఒకచోట కొరికితే పక్కదానికి అంటుకుంటుంది. ఇనుముకు తుప్పు పట్టినట్టే.

మామూలు పందిలో కాలేయం ఆ కొవ్వును నెత్తురులోంచి త్వరగా లాగేసుకుంటుంది. పసుపు వరస పందిలో కాలేయం ఆ పని చెయ్యలేదు. కొలెస్టరాల్ ఉండలు నెత్తురులోనే తిరుగుతూ ఉంటాయి. ఆ ఉండల నిండా ఇప్పుడు సన్ననూనె. ఎంతసేపు తిరిగితే అంత తుప్పు. ఉండలు తగ్గిన మాట నిజమే. మిగిలినవి మాత్రం విషమవుతున్నాయి.

తుప్పును ఆపేది విటమిన్ 'ఇ'. అది పచ్చని ఆకుల్లో, మొలకల్లో ఉంటుంది. మాకు ఆకులు పండేది ఒక్క ఆకుగదిలోనే. అవి పసిపిల్లలకూ బాలింతలకూ సరిపోతే గొప్ప. పందులూ మనుషులూ అందరూ చీకట్లో పెరిగిన ఈస్టు పిండి మీద బతుకుతున్నారు.

నమోదు 9

ఆడపంది చనిపోలేదు. పక్కనున్న మగపంది చనిపోయింది. దానికి ఏ లక్షణమూ లేదు. బలంగా, నిగనిగలాడుతూ ఉండేది. మేత తిని, నాలుగు అడుగులు వేసి, పక్కకు పడిపోయింది. నేను గేటు తీసేలోపే అయిపోయింది.

కోసి చూశాను. కొవ్వు తెల్లగా ఉండాల్సింది, తుప్పు రంగులో ఉంది. గుండె చుట్టూ నీరు. గుండె మీద నిలువునా ఎర్రని మచ్చలు, చారలు. పాత వైద్య పుస్తకంలో దీన్ని మల్బరీ గుండె అంటారు. నేను మల్బరీ పండు ఎన్నడూ చూడలేదు. ఆ గుండెను చూశాక ఎలా ఉంటుందో తెలిసింది.

ఐలేశం సార్‌ను పిలిపించాను. ఆయన చాలాసేపు చూశారు.

"పందికి బెదురెక్కువ బిడ్డా. గేటు చప్పుడుకే గుండాగి చస్తది."

"గేటు చప్పుడుకు కొవ్వు ఎర్రగయితదా సార్?"

ఆయన ముఖం ముడుచుకుంది. కోపం కాదది. "ఒక్క పంది. ఒక్క పందిని చూపెట్టి నూనె ఆపమంటవా? నూనె ఆగిన ప్రతి నెల ఈ ఊర్లె ఎంతమంది పోతరో నీకు తెల్వదా? మా సత్తెమ్మను నేను మోసుకపోయిన. గా నంబరు దిగుడు కోసం ఇన్నేండ్లు చూసిన."

"నంబరు దిగింది సార్. నేనే కొలిచిన. కానీ నెత్తుర్ల ఇంకోటి ఎక్కుతున్నది, దాన్ని మనం కొలుస్తలేం."

"రెండో పంది చావనీ. అప్పుడు మాట్లాడుదాం" అన్నారు. అని, తన మాట తనకే వినపడినట్టు ఆగి, "చావద్దనే కోరుకుంటున్న" అని వెళ్ళిపోయారు.

సర్పంచ్ దగ్గరికి వెళ్ళాను. ఆమె మంచిమనిషి, కానీ తొట్లు కడగడం ఇవాళే మొదలైంది. ఇంకో రుజువు వచ్చేదాకా మార్పేమీ లేదంది. నేను ఆగలేదు. నూనె తింటున్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి పంది సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ముగ్గురు మానేస్తామన్నారు. ఇద్దరు తిట్టారు.

రాజలింగు మోటారుకు గ్రీజు పెడుతూ విన్నాడు.

"ఏ పంది?"

"నువ్వు ఊరి పెద్దాయన పేరు పెట్టినవే, అది."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "డాక్టరమ్మా, నిన్న నేను మా అవ్వను ఈపు మీద మోసుకొని పైసొరంగం దాకా మెట్లెక్కిన. అవ్వ పోల్చుకోలే నన్ను. గీ నూనె ఆపితే నాకు గా మెట్లు ఉండయి. సావుకు రెండు తొవ్వలున్నయంటున్నవు. మెట్లున్న తొవ్వ నాది."

నెత్తురు ఇమ్మన్నాను. ఇచ్చాడు. గొట్టం దానిమ్మ గింజ రంగే.

నమోదు 10

ఓదెలు నెత్తురు కూడా అంతే ఎర్రగా ఉంది. గొట్టం ఇంటికి తెచ్చి తినే కంచం పక్కన పెట్టాను.

"ఏందిది?"

"నీ నెత్తురు. ఇయ్యాల్టి నుంచి ఆ నూనె ముట్టద్దు."

ఆయన గొట్టం వైపు చూడలేదు. "మా నాయిన నలభై చూడలే. మా అన్న నా ఈడుకు రాకముందే పోయె. నాకు మొన్న నిచ్చెన మీద నొప్పి రాలే భూలచ్చీ. పైదాక ఎక్కిన. పైన కూసున్న. ఊకెనె కూసున్న. నీకు తెల్వది అది ఎట్లుంటదో."

"నాకు తెల్సు. నువ్వు మధ్యల ఆగుతుంటె కింద నిలబడి చూసిన."

"చూసినవా?"

"రోజు చూసిన."

గొట్టాన్ని కంచానికి దూరంగా జరిపాడు. "అయితే ఏం తినాలె చెప్పు. గడ్డనూనె తిని పోవాల్నా, సన్ననూనె తిని పోవాల్నా? ఇంకోటేమన్న ఉంటే చెప్పు, తింట."

ఇంకోటేమీ నా దగ్గర లేదు. కంచం తీశాను. ఆయన మానేస్తానని గానీ మాననని గానీ అనలేదు.

నమోదు 12

రాజలింగు చనిపోయాడు.

మోటారు గదిలో, షిఫ్టు మధ్యలో. పక్కనున్నవాళ్ళు చెప్పారు, ఏదో జోకు మొదలుపెట్టి సగంలో ఆగాడట, చివర ఏమిటా అని వాళ్ళు ఎదురుచూస్తున్నారట. అలాగే జారిపోయాడు.

ఊరు ఏడ్చింది, కానీ ఆశ్చర్యపోలేదు. పసుపుగడ్డల మనిషి, ముప్పై ఏడేళ్ళు. ఇక్కడ అది చావాల్సిన వయసే. నూనె ముందే దొరికుంటే బతికేవాడని కొందరు అన్నారు. తొట్లు ఇంకా తొందరగా కడగాలని ఒకాయన గట్టిగానే అన్నాడు.

నేను గుంపు వెనక నిలబడి విన్నాను. గుండె తెరిస్తే తప్ప ఎవరూ నమ్మరు. నేను కూడా పూర్తిగా నమ్మను. నిజంగానే పాత జబ్బుతో పోయాడేమో. నరం పూడుకుపోతే ఒకలా ఉంటుంది, తుప్పు పట్టిన గుండె ఇంకోలా ఉంటుంది. చూస్తే తెలుస్తుంది. కానీ మా దగ్గర శవాన్ని కొయ్యరు. పోయినవాళ్ళను పైకి తీసుకెళ్ళి ఎండకు అప్పగిస్తాం. బతికుండగా చూడలేని సూర్యుడిని పోయాకైనా చూస్తారని. శరీరం మొత్తంగా పోవాలి, వెంట్రుక కూడా తగ్గకూడదు. ముత్తాతల నాటి నియమం.

నమోదు 13

రాజలింగు తల్లి కనకవ్వ, కొడుకు శవం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ముసలిదైపోయింది, ఊళ్ళో అంత వయసు వచ్చినవాళ్ళే తక్కువ. జబ్బు ఆమెకు లేదు, భర్త నుంచి కొడుక్కి వచ్చింది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఏదో అడుగుదామని వచ్చినవు. అడుగు" అంది.

అడిగాను.

ఇంట్లో ఉన్న బంధువులు ఒక్కసారిగా లేచారు. ఒకాయన నా భుజం పట్టుకున్నాడు. కనకవ్వ చెయ్యెత్తింది.

"వాడు ఎండకు మొత్తం పోవాలె గద బిడ్డా."

"మొత్తమే పోతడవ్వా. ఏం తీసుకోను. చూసి, మళ్ల అక్కడనే పెట్టి, కుట్టిస్త."

"ఏం చూస్తవు?"

"ఆ నూనె గుండెకు తుప్పు పట్టిచ్చిందా లేదా అని. పట్టిస్తే ఊరంతటికి ఆపాలె. పట్టియ్యకపోతే నేనే తప్పు, అందరి ముందట ఒప్పుకుంట."

"నువ్వు వానికి ముందుగాలనే చెప్పినవట."

"చెప్పిన."

"విన్లేదు."

"విన్నడవ్వా. విని, మెట్లెక్కుతా అన్నడు. నిన్ను మోసుకొని ఎక్కిన అన్నడు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి రానివ్వలేదు. తర్వాత లేచి నిలబడి, బంధువులను బయటికి పొమ్మంది.

"ఈ ఇంట్లనే. పందుల కాడ కాదు. కుట్టుడు నీ చేతితోని కుట్టాలె. నేను ఈడనే ఉంట, గోడ దిక్కు తిరిగి."

ఐలేశం సార్‌ను పిలవమన్నాను. నేను ఒక్కదాన్నే చూస్తే చాలదు. ఆయన రానంటారనుకున్నాను. వచ్చారు.

వివరం తక్కువగా రాస్తాను. గుండె నరాలు పూడుకుపోలేదు. సన్నబడ్డాయి, కానీ దారి ఉంది. గుండె కండ మీద అవే మచ్చలు, అవే నిలువు చారలు. చుట్టూ నీరు. కొవ్వు తుప్పు రంగు. పందిలో చూసినదానికీ దీనికీ తేడా వెతికాను. ఉండాలని కోరుకుంటూ వెతికాను. లేదు.

ఐలేశం సార్ దీపం పట్టుకుని ఉన్నారు. వెలుగు కదలడం మొదలైంది.

"కుట్టు" అన్నారు. "మంచిగ కుట్టు."

చర్మానికి పందులకు వాడే దారం వాడలేదు. మా అమ్మ పెళ్ళిచీర అంచులోంచి తీసిన పట్టుదారం ఉంటే దానితో కుట్టాను. చిన్నచిన్న కుట్లు. కనకవ్వ గోడవైపే తిరిగి, "అయ్యిందా? అయ్యిందా?" అని అడుగుతూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి ఓదెలు నూనె సీసా గుమ్మం బయట పెట్టి కూర్చున్నాడు. మూత తీసి లేదు.

నమోదు 14

పంచాయతీ. ఊరంతా వచ్చింది. నేను మాట్లాడబోతుంటే ఐలేశం సార్ ముందుకొచ్చారు.

"నేను చెప్త. నూనె నాది. నేను ఒక్క నంబరు చూసిన. ఆ నంబరు దిగుతున్నదని మురిసిన. భూలచ్చిమి ఇంకోటి చూడమన్నది, పంది బెదిరింది అన్న. నిన్న నా కండ్లతోని చూసిన. తొట్లు కడుగుడు ఆపుండ్రి."

గుంపులోంచి ఎవరో అరిచారు: "సగం తొట్లు కడిగేసిర్రు గదా! ఇప్పుడు ఏం తినాలె?"

అది న్యాయమైన ప్రశ్న. మిగిలిన గడ్డనూనె తొట్లు సగం ఊరికే సరిపోతాయి. అసలు కొవ్వే లేకుండా పిల్లలు పెరగరు. అప్పుడు నేను లేచాను. రెండు నూనెలూ సగం సగం కలిపి, దానితోపాటు మునగాకు పెడితే తుప్పు ఆగవచ్చని చెప్పాను. ఆగుతుందని అనలేదు, ఆగవచ్చు అన్నాను. ముందు పందులకు పెట్టి చూడాలి. పందుల్లో ఆగితేనే మనుషులకు. అప్పటిదాకా పసుపుగడ్డలున్నవాళ్ళెవరూ సన్ననూనె ముట్టకూడదు. గడ్డనూనె కూడా పిల్లల తర్వాతే.

"మునగాకు ఏడున్నది?" అంది సుభద్రమ్మ. "ఆకుగదికి ఉన్న కరెంటే అంత. ఇంకో గదికి దీపాలు పెట్టాలంటే ఏడికెల్లి తేవాలె?"

అందరి తలలూ పైకి లేచాయి. పంచాయతీ వీధి పైకప్పు పొడుగునా తెల్లని దీపాలు వరసగా వెలుగుతున్నాయి. మాకు పగలు ఉందంటే అది ఆ వీధిలోనే. పిల్లలు ఆడుకునేది అక్కడ. పెళ్ళిళ్ళు అయ్యేది అక్కడ. ఒకామె చంటిపిల్ల తల మీద చెయ్యి అడ్డం పెట్టింది, దీపాలను ఇప్పుడే ఎవరో లాక్కుపోతారన్నట్టు.

వెనక వరసలోంచి ఓదెలు గొంతు వినిపించింది. "నేను దిమ్మెలు చూసేటోన్ని. నాకు అన్ని సొరంగాలు చీకట్ల తెలుసు. చెయ్యి పట్టుకొని నడిపిస్త, ఎవలకు కావాల్నంటే వాళ్ళను. దీపాలు తియ్యుండ్రి."

వాదన చాలాసేపు నడిచింది. తిట్లు కూడా పడ్డాయి. చివరికి చేతులెత్తితే, దీపాలు తియ్యొద్దన్నవాళ్ళకంటే తియ్యమన్నవాళ్ళు కొద్దిగా ఎక్కువ. చాలా కొద్దిగా.

నమోదు 16

వీధి చీకటి. ముందు అనుకున్నదానికంటే కష్టంగా ఉంది. జనం గోడలు పట్టుకుని నడుస్తున్నారు. పిల్లలు దొడ్డివైపు రావడం మానేశారు. ఒక ముసలాయన కాలుజారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, ఆయన కోడలు నా గుమ్మం ముందుకొచ్చి శాపనార్థాలు పెట్టింది. ఓదెలు షిఫ్టు దిగాక మలుపు మలుపుకూ తాళ్ళు కడుతున్నాడు. గడ్డనూనె ముక్క కూడా లేక ముఖం లోపలికి పోయింది. మళ్ళీ నిచ్చెన మధ్యలో ఆగుతున్నాడు. ఇప్పుడు నటించడం లేదు. ఆగి, కిందికి చూసి, నాకు చెయ్యి ఊపుతున్నాడు.

కొత్త గదిలో మునగ మొలకలు జానెడు లేచాయి. ఐలేశం సార్ అక్కడే పడుకుంటున్నారు.

రెండో దొడ్డిలో మిగిలిన పందులకు కొత్త మేత మొదలుపెట్టాను. ఈడ్చుకుంటూ నడిచే ఆడపంది ఆకు వాసన చూసి ముఖం తిప్పుకుంది. ఆకు దంచి, ఉప్పు కలిపి, చేత్తో తినిపించాను.

నమోదు 17

పసుపు వరసలో ఇంకో పంది పోయింది. కొత్త మేత తింటున్నదే.

కోసి చూస్తే పాత మచ్చలే, కొత్తవి కావు. పాత తుప్పుతోనే పోయిందనుకుంటున్నాను. అనుకుంటున్నాను, అంతే. పంచాయతీకి చావు సంగతే మొదట చెప్పాను, తర్వాత నా అభిప్రాయం చెప్పాను. సుభద్రమ్మ ముఖం కనపడలేదు, చీకటి. "ఇంకెన్ని దినాలు భూలచ్చిమీ?" అంది. "తెల్వదమ్మా" అన్నాను. ఆమె దీపాలు మళ్ళీ పెట్టించమంటుందనుకున్నాను. అనలేదు.

నమోదు 21

ఆడపంది నాలుగు కాళ్ళ మీద లేచింది. వంకరగా, గోడకు ఆనుకుని, కానీ లేచింది. మేత బకెట్టును తలతో కుమ్మి నా మీద ఒలకబోసింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

నెత్తురు మరిగించాను. లేత గులాబీ. అన్ని పందులదీ అంతే. కొలెస్టరాల్ సగానికి దిగలేదు. మూడో వంతు దిగింది. అద్భుతం కాదు, ఓ మాదిరి. ఐలేశం సార్ గొట్టాలను ఒక్కొక్కటే దీపానికి పట్టి చూశారు. ఈసారి ముందే నంబరు అడగలేదు, రంగు చూశాకే అడిగారు.

"మూడో వంతా" అన్నారు.

"మూడో వంతే సార్."

"మూడో వంతుకు మా సత్తెమ్మ ఇంకొన్నేండ్లు ఉండునా?"

"ఉండునేమో."

తల ఊపి, గొట్టాలు కడగడానికి వెళ్ళారు.

నమోదు 26

మరికొంతకాలం ఆగాం. ఒక్క పందీ పోలేదు. నేనే ముందు తినడం మొదలుపెట్టాను, కానీ నాకు జబ్బు లేదు, నేను తింటే తేలేదేమీ ఉండదు. తర్వాత ఓదెలు తిన్నాడు, పట్టుబట్టి. ఆయన నెత్తురు రోజు విడిచి రోజు మరిగించాను. ప్రతిసారీ గొట్టం పొయ్యి మీద ఉన్నంతసేపూ ఇద్దరం దాని వైపు చూడలేదు. రంగు లేతగానే ఉంది.

ఇవాళ ఊరి వంటశాలలో మొదటిసారి అందరికీ కొత్త వడ్డన. మిశ్రమ నూనెలో వేయించిన పిండిరొట్టె, మునగాకు కూర. ఒక్క దీపం వెలుగుతోంది. ఐలేశం సార్ తనే గరిటె పట్టుకుని నిలబడ్డారు. జనం వరసలో వచ్చారు, గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఎవరూ ముందుకు రాలేదు. గరిటె గిన్నె మీద అలాగే ఉంది. ఆవిరి లేస్తోంది.

గుంపు పక్కకు జరిగింది. తాడు పట్టుకుని కనకవ్వ వచ్చింది. తన కంచం తనే తెచ్చుకుంది. గిన్నె ముందు నిలబడి ఐలేశం సార్‌ను కాదు, నన్ను చూసింది.

"నువ్వు తింటున్నవా?"

"తింటున్న అవ్వా. ఓదెలు కూడ తింటున్నడు."

"నా కొడుకు సగం తెలిసి తిన్నడు. ఇప్పుడు మొత్తం తెలిసిందా?"

అందరూ వింటున్నారు. అవునంటే చాలు, వరస కదులుతుంది.

"మొత్తం తెల్వదవ్వా. అప్పటి కంటె ఎక్కువ తెలుసు. నెలనెలా అందరి నెత్తురు చూస్త. గులాబీ ముదిరితే ఆ దినమే ఆపుత. నువ్వు వచ్చి అడగాల్సిన పని లేదు, నేనే మీ ఇంటికొచ్చి చెప్త."

ఆమెకు జబ్బు లేదు. ఈ కూర ఆమెకు ప్రత్యేకంగా చేసే మేలూ లేదు, కీడూ లేదు. అది ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

కంచం చాపింది.

"పెట్టు" అంది.

ఐలేశం సార్ వడ్డించారు. కనకవ్వ పక్కకు పోలేదు. అక్కడే, అందరికీ కనపడేలా, నిలబడే రొట్టె తుంచి కూరలో అద్ది నోట్లో పెట్టుకుంది. నమిలింది. ముఖం చిట్లించింది.

"ఉప్పు తక్కువైంది" అంది.

వెనకాల కంచాల చప్పుడు మొదలైంది.